తుమ్మెదకు ఇల్లు దొరికిన సంగతి

కనకాంబగారు ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఓపిగ్గా విని, తల పంకించి, అడిగినవాళ్ళకు ఏదో ఒక పని అప్పగించేవారు. కొండ కింద ఆవిడ ఆశ్రమంలో ఉండే పదిమందీ ఆ పద్ధతి ఎరిగినవాళ్ళే. అందరూ ఆవిడను పెద్దమ్మ అని పిలిచేవారు.

మార్గశిరంలో ఒక ఉదయం, మంచు ఇంకా వసారా మెట్లు దిగకముందే, వకుళ ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది. వకుళకు నలభై దగ్గర పడుతున్నాయి. అనంతపురంలో లైబ్రరీ ఉద్యోగం మానుకుని ఆశ్రమానికి వచ్చి ఏడాదయింది.

"పెద్దమ్మా, మమకారం వదలమని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. అది వదిలేశాక ప్రేమలో ఇక మిగిలేదేముంది?" అని అడిగింది.

పెద్దమ్మ తల పంకించారు. తర్వాత, "పట్నంలో జంతు శరణాలయం వాళ్ళు కబురు పెట్టారు. అక్కడ చోటు చాలడం లేదట. ఒక్కో కుక్కను కొన్నాళ్ళు ఎవరింట్లోనైనా ఉంచి, మచ్చిక చేయించి, కడదాకా పెంచుకునేవాళ్ళు దొరికాక వాళ్ళకు ఇస్తారట. ఒకదాన్ని నువ్వు చూడు" అన్నారు.

మర్నాడే ఆటోలో ఒక మట్టిరంగు ఆడకుక్క వచ్చింది. ఇల్లు మారుతూ యజమానులు దాన్ని గేటుకు కట్టేసి వెళ్ళిపోయారట. వకుళ గదిలో ఒక మూల గోడకేసి ముఖం పెట్టి అది మూడు రోజులు అలాగే కూర్చుంది. ముద్ద ముట్టలేదు. వకుళ దాన్ని పిలవలేదు. దానికి వీపు పెట్టి కూర్చుని, చేతిలో పుస్తకం మెల్లగా పైకి చదివింది. నాలుగో రోజు పేజీ తిప్పబోతుంటే అరచేతికి తడి తగిలింది. చేతికి అంటుకున్న రాగిసంకటిని అది నాకుతోంది.

నిద్రలో అది సన్నగా జుమ్మని మూలిగేది. అందుకని దానికి తుమ్మెద అని పేరు పెట్టుకుంది.

ఆ మంచు నెలలు వకుళకు తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఏదో కలలో నడిచినట్టే ఉండేవి. తెల్లారి నూతి దగ్గరికి పోతే చెట్టూ పుట్టా కనిపించేవి కావు. తన అడుగుల చప్పుడు, పక్కనే నాలుగు కాళ్ళ మెత్తటి చప్పుడు, అంతే. దారి తప్పుతానని భయపడ్డదో ఏమో, తుమ్మెద ఆమె చీర కుచ్చెళ్ళను ఆనుకున్నంత దగ్గరగా నడిచేది. అయినా ఒక్కసారీ కాలికి అడ్డం పడలేదు. ఇన్నాళ్ళూ తనలో ఒక గది మూసి ఉందనీ, దాని తలుపు ఇప్పుడే ఎవరో తోశారనీ వకుళకు అనిపించేది. అది ఎవరో ఒకరికి ఇచ్చేయవలసిన కుక్క అన్న మాట నెమ్మదిగా మనసులోంచి జారిపోయింది.

ఫాల్గుణం వచ్చింది. మంచు విడిపోయి కొండ మొత్తం కనబడే రోజుల్లో చెంగల్రాయుడు వచ్చాడు. పట్నంలో బట్టలు కుట్టేవాడు, అరవై దాటిన మనిషి. శరణాలయం వాళ్ళు రాసిచ్చిన చీటీ వకుళకు అందించి, "కుక్కను చూసి పోదామని వచ్చినా మ్మా" అన్నాడు.

"ఇది కరుస్తుంది. ఇప్పటికి ముగ్గురిని కరిచింది" అంది వకుళ.

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. వసారాలో పప్పు ఏరుతున్న పెద్దమ్మ తలెత్తి చూశారు. "భోజనం చేసి వెళ్ళు రాయుడూ" అని మాత్రం అన్నారు.

చెంగల్రాయుడు నిరాశపడలేదు. "కుక్క భయానికి కరస్తాది గానీ పగకు కరవదు మ్మా. బేస్తవారం నాకు అంగడి సెలవు. వచ్చి కాసేపు కూర్చోని పోతా" అన్నాడు.

అన్నట్టే ప్రతి గురువారం వచ్చాడు. నేరేడు చెట్టు నీడన కూర్చుని, ఒళ్ళో చొక్కా పరుచుకుని చేత్తో కాజాలు కుట్టుకునేవాడు. కుక్కను పిలవలేదు, దాని వైపు చూడనైనా చూడలేదు. వకుళ మొదటి రెండు వారాలు తుమ్మెదను గదిలో పెట్టి తలుపు వేసింది. కిటికీలోంచి చూస్తే ఎండలో సూది తళుక్కుమని లేచేది, వాలేది. చూస్తూ చూస్తూ ఉంటే నీళ్ళ అడుగున కూర్చుని పైనెక్కడో జరిగేది చూస్తున్నట్టుండేది. మూడో వారం తుమ్మెద ఆమె కాళ్ళ సందులోంచి జారుకుని వెళ్ళి చెట్టుకు పది అడుగుల దూరంలో పడుకుంది. ఐదో వారానికి దూరం సగమైంది. ఆరో వారం లేచి వెళ్ళి అతని మోకాలి మీద గడ్డం ఆనించింది. చెంగల్రాయుడు కుట్టడం ఆపలేదు. కాజా పూర్తి చేసి, దారం కొరికి, అప్పుడు దాని తల మీద చెయ్యి వేశాడు.

వకుళ చెట్టు కిందికి వచ్చింది. "ఇది ఎవరినీ కరవలేదు. మీతో అబద్ధం చెప్పాను" అంది.

"మొదటి దినమే అనుకుంటి మ్మా."

"మరి ఇన్ని వారాలు ఎందుకు తిరిగారు?"

"అనుకుంటే చాలదు గదా. మా ఇంటామె మునెమ్మకు చూపు పోయి రెండేండ్లాయె. నేను అంగడికి పోతే పగలంతా ఒక్కతే ఉంటాది. తెలీక తోక తొక్కిందనుకో, అప్పుడు నిజంగానే కరిస్తే? అందుకని చూసుకుంటా ఉంటి."

"ఆ సంగతి నాకు చెప్పలేదే."

"కండ్లు లేని మనిషి ఉండే ఇంటికి కరిచే కుక్కను ఇస్తామంటారా మ్మా మీరు? అందుకే చెప్పలేదు. మీరూ అడగలేదు."

వకుళ తల దించుకుంది. ఆరు వారాల్లో ఆ మనిషి ఇంట్లో ఎవరుంటారని ఒక్కసారీ అడగలేదు. ఆ ఆరు వారాలూ అక్కడ ఒక ఆడమనిషి గుమ్మంలో ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఇంతకీ అన్ని కుక్కలుండగా ఇదే ఎందుకు?" అని అడిగింది.

"నేను వచ్చిన పొద్దు మీరు నూతి కాడి నుంచి వస్తా ఉంటిరి. మీ చీరకు తగిలేంత దగ్గర నడిచె. కాలికి మాత్రం అడ్డం రాలె. అట్ల నడిచేది మునెమ్మ కోసరం నేను యాడ వెతికేది మ్మా?"

శరణాలయం వాళ్ళు వెళ్ళి అతని ఇల్లు చూసి సరేనన్నారు. తుమ్మెద ఏం తింటుందో, ఏ చప్పుడుకు బెదురుతుందో వకుళ చెంగల్రాయుడికి రెండుసార్లు చెప్పింది. ఆటో కదిలినప్పుడు అది గొలుసు లాగి వెనక్కి చూసింది. చెయ్యి ఊపితే దిగి వచ్చేస్తుందని ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తర్వాత చాలా రోజులు నూతికి పోయేటప్పుడు ఎడమ పక్క కాస్త చోటు వదిలి నడిచింది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మే ఆమెను పట్నం పంపారు. మునెమ్మ గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వకుళ నోరు తెరవకముందే తుమ్మెద లేచింది. ఉరికి వచ్చి తల ఆమె మోకాళ్ళ మధ్య దూర్చి ఒళ్ళంతా వణికిపోయింది. వకుళ నేల మీదే కూలబడి దాన్ని పొదివి పట్టుకుంది.

"మీరేనా మ్మా ఆశ్రమం అమ్మ? ఉండండి, మజ్జిగ తెస్తా" అంటూ మునెమ్మ గోడ పట్టుకుని లేచింది.

ఆ అడుగు చప్పుడుకు తుమ్మెద చెవులు నిక్కాయి. వకుళ చేతుల్లోంచి తల తీసుకుని వెళ్ళి మునెమ్మ చీర కుచ్చెళ్ళ పక్కన చేరింది. ఇద్దరూ చీకటిగా ఉన్న వంటింట్లోకి కలిసి నడిచారు. మునెమ్మ చెయ్యి గోడను వదిలేసింది.

వకుళ తిరిగి వచ్చేసరికి ఆశ్రమం మీద సాయంకాలపు ఎండ పల్చగా పరుచుకుని ఉంది. పెద్దమ్మ వసారాలో ఉన్నారు.

"గుర్తుపట్టిందా?"

"పట్టింది పెద్దమ్మా."

"నువ్వు వచ్చేస్తుంటే వెంటపడిందా?"

"వీధి మలుపు దాకా వచ్చింది. ఆవిడ పిలవగానే వెనక్కి పోయింది."

పెద్దమ్మ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.

"అయితే బాగా పెంచావు తల్లీ" అన్నారు.