నీళ్ళు ఎదురొచ్చే చోటు

టింబక్టూ నగరంలో కబా గురువుకి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే గ్రంథం విప్పేవాడు కాదు, ఎడారి సంగతేదో ఎత్తుకునేవాడు. ఆ రోజు అడిగినవాడు శిష్యుడు ఫోదే. జెన్నే పట్నంలో అన్నతో మాటామాటా పెరిగి, ఇల్లు విడిచి వచ్చినవాడు.

"గురువుగారూ, అన్న మనసు కరగాలని మూడేళ్ళుగా అయిదు పూటలా దువా చేస్తున్నాను. ఇప్పుడాయన మంచాన పడ్డాడట. నా మొర అల్లా చెవిన పడిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

గురువు చెప్పాడు. తఘాజా గనుల నుంచి ఉప్పు పలకలు మోసుకొచ్చే ఒంటెల బిడారులకు ఒక కట్టుబాటు ఉంది. చివరి బావి దగ్గర ఆగి, దారి ఎరిగిన ఒక్కణ్ణి ముందుగా వలాతా పట్నానికి పంపి, ఎనిమిది రోజులు ఆగి తామూ బయలుదేరతారు. అక్కడికి పది రోజుల నడక. అతను చేరి కబురందిస్తే పట్నంవాళ్ళు తిత్తుల నిండా నీళ్ళతో నాలుగు రోజుల దూరం ఎదురొచ్చి ఆగుతారు. అంతకు మించి వస్తే వాళ్ళ తిరుగుదారికి నీళ్ళు చాలవు. అతను దారిలోనే ఇసుకలో కలిసిపోయాడా, ఇక బిడారు పని అంతే!

ఒక ఏడు అఘాలీ అనే ఆయన అలాగే మనిషిని పంపి బిడారు నడిపించాడు. అయిదో రోజుకి నీళ్ళు అడుగంటాయి. జనం ఒంటెల నీడన చతికిలబడ్డారు. "వాడు చేరి ఉంటే నీళ్ళే మన దగ్గరికొస్తాయి. చేరకపోతే నడిచీ దండగే. చేరాడని రూఢిగా చెప్పు, లేస్తాం" అన్నారు. అఘాలీ బతిమాలాడు, తిట్టిపోశాడు. ఊహూఁ, ఒక్కడూ కదల్లేదు. అలా రెండు రోజులు పోయాయి.

"చేరాడో లేదో నాకేం తెలుసురా! నీళ్ళొచ్చే చోటు మాత్రం తెలుసు. అది ఇక్కడ కాదు" అని అఘాలీ తన ఒంటె ముకుతాడు పట్టుకుని బయలుదేరాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ముందు ఒకడు లేచాడు, తర్వాత ఇద్దరు, ఆపైన అందరూ సణుక్కుంటూనే లేచారు.

మర్నాడు పొద్దు వాలేవేళకి ఇసుక దిబ్బ దిగేసరికి నిండు తిత్తులు పెట్టుకుని తకామా అనే వలాతా ఆవిడ, ఆమె మనుషులూ కూర్చుని ఉన్నారు. వీళ్ళని చూడగానే ఆవిడ మండిపడింది.

"మేమొచ్చి రెండు రోజులైంది! ఇన్నాళ్ళూ ఎక్కడ కూర్చున్నారయ్యా?"

"అయితే నా దువా అల్లా విన్నట్టేనంటారా, గురువుగారూ?" అని ఫోదే మెల్లగా అడిగాడు.

"అది నేనెలా చెప్పను నాయనా?" అన్నాడు కబా గురువు. "జెన్నేలో మీ అన్న ఇంటికి ఎన్నాళ్ళ ప్రయాణం?"