ఒంట్లో ఎలా ఉందని రాజు అడిగితే

వెనకటికి కనకగిరి అనే చిన్న రాజ్యాన్ని బృహత్సేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఎవరిమీదా నమ్మకం లేదు. సభలో ఎవరైనా దగ్గితే, ఎవరికి సైగ చేస్తున్నాడా అని చుట్టూ చూసేవాడు.

ఒక వేసవిలో నేతగాళ్ల పేటలో జ్వరాలు పుట్టాయని వినికిడి. రాజు ఆస్థాన వైద్యుడు ముకుందాచార్యులకు భటుల్నిచ్చి పంపాడు. వైద్యుడు గడపగడపా అడిగి వచ్చి, "అందరూ గుండ్రాళ్లలా ఉన్నామంటున్నారు ప్రభూ" అన్నాడు.

"అయితే రేపటినుంచి వాళ్లంతా కోటచుట్టూ కందకం తవ్వాలి" అని రాజు చాటింపు వేయించాడు.

తెల్లారేసరికి పేటంతా మూలుగే. ఒకడికి నడుంనొప్పి, ఇంకొకడికి ఆయాసం. చాటింపు వినగానే పరుగెత్తి ఇంట్లో దూరినవాడికైతే కాళ్లు పడిపోయాయట.

రాజు మండిపడ్డాడు. "ఆచార్యా, ఎవరి దగ్గర లంచం తిన్నావు? నీది అబద్ధమో, వాళ్లది కుట్రో! ముందు ఇతణ్ణి చెరలో వెయ్యండి!"

భటులు ముసలి వైద్యుడి రెక్కలు పట్టుకున్నారు. అప్పుడు సభలో మాటకారిగా పేరున్న చిట్టిభట్టు లేచాడు. "సాయంత్రందాకా ఆగండి ప్రభూ. ఇందులో కుట్ర ఎంతుందో నేను చూపిస్తాను."

"నువ్వూ వీళ్లలో ఒకడివా?" అని రాజు కళ్లు చికిలించాడు. అయినా ఒప్పుకున్నాడు.

సాయంత్రం, ముందే కబురు పెట్టినట్టు, పొరుగు రాజు దూత వచ్చి కుశలం అడిగాడు. పొద్దుటినుంచీ రాజుగారి మడమ వాచిపోయి ఉందని సభకంతా తెలుసు. అయినా ఆయన సింహాసనం దిగి, "ఉక్కుముక్కలా ఉన్నామని మీ ప్రభువుతో చెప్పు" అంటూ, పళ్లు బిగబట్టి దూతను వాకిలిదాకా సాగనంపాడు.

దూత అటు వెళ్లగానే రాణిగారి దాసి వచ్చింది. "రేపు అమ్మగారితోబాటు తమరూ మెట్లెక్కి కొండమీది అమ్మవారిని చూడాలట ప్రభూ."

"అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నానని చెప్పు!"

చిట్టిభట్టు చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, మడమ ఒక్కటే. దూతకు ఒక జవాబు, రాణిగారికి ఇంకొకటి. ఇదెవరి కుట్ర అనుకోమంటారు?"

రాజు అనుమానంగా చూశాడు. "దాసిని పంపింది నువ్వేనా?"

"నేనే ప్రభూ. జవాబు మాత్రం తమదే. పేటవాళ్లూ అంతే. భటుల్ని చూసి, ఎక్కడ ఊరు దాటిస్తారోనని జ్వరం దాచారు. కందకం అనగానే లేని నొప్పులు తెచ్చుకున్నారు. ఆచార్యులవారు విన్నది విన్నట్టు చెప్పారు, పాపం."

రాజు కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత ఆగలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. వైద్యుణ్ణి వదిలేశాడు, కందకం పని ఆపించాడు.

మర్నాడు ముకుందాచార్యులు భటులు లేకుండా వెళ్లాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నాడి పట్టి, నాలుక చూసి, జ్వరమున్న ఇళ్లు తేల్చి మందులిచ్చాడు. పేట తేరుకుంది.

రాజు చిట్టిభట్టుకు పట్టుశాలువా కప్పి, "ఏమయ్యా, నీ ఒంట్లో ఎలా ఉంటోంది?" అని ఆప్యాయంగా అడిగాడు.

చిట్టిభట్టు ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఎందుకు అడుగుతున్నారో ముందు సెలవివ్వండి ప్రభూ, ఆనక చెబుతాను."