బావిగట్టు మీద గోనెపట్టా

పెన్న ఒడ్డున ఉన్న చిన్న దర్గాలో బావి ఎండిపోయింది. దాన్ని లోతు చేయడానికి నలుగురు మనుషులు పనిలోకి దిగారు. వాళ్లకు ఏ ఆపదా రాకుండా చూసుకునే పని దర్గా గురువు బాబా తన శిష్యుడు షరీఫ్‌కు అప్పగించాడు.

పదో రోజు పొద్దున షరీఫ్ బాబా ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి బాబా. ఎవరు లోపలికి దిగినా, పైకొచ్చేదాకా మనుషుల్ని లెక్కపెట్టుకుంటూనే ఉంటా. రోజూ నియమాలన్నీ చదివి వినిపిస్తున్నా. లోపల గాలి మంచిదో కాదో తెలియడానికి ముందు దీపం దించాలి, గట్టు అంచున నిలబడకూడదు, అన్నీ చెబుతున్నా. తల ఊపుతారు, అంతే. నాతో ఒక్క మాటా మాట్లాడరు."

బాబా వేపచెట్టు కింద తస్బీ పూసలు తిప్పుతున్నాడు. పని మొదలైనప్పటినుంచీ ఆయన మధ్యాహ్నం నడుం వాల్చలేదు. చివరి మనిషి పైకొచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు.

"ఇవాళ మనుషుల్ని దించే మోకు చూశావా?"

"చూశాను. గట్టిదే."

"వాళ్లనడిగావా?"

"నా కళ్లతో చూశాక అడగడమెందుకు?"

బాబా లేచి బావి దగ్గరికి నడిచాడు. దిగడానికి సిద్ధంగా ఉన్న ఓబులేసును పక్కకు జరగమని, మోకు చివర ఉచ్చులో తన కాలు పెట్టాడు.

"నన్ను దించండి. ఊట ఎంతవరకొచ్చిందో చూస్తా."

ఎవరూ కదల్లేదు. గిలక దగ్గరున్న పెద్దాయన గంగులప్ప ముఖం పాలిపోయింది. గబుక్కున వచ్చి బాబా చెయ్యి పట్టుకున్నాడు.

"దిగొద్దు తాతా! నీ కాళ్లు మొక్కుతా, దిగొద్దు!"

మోకుకు ఒకచోట తడి గోనెపట్టా చుట్టి ఉంది. చేతులు ఒరుసుకుపోకుండా చుట్టారని షరీఫ్ అనుకున్నాడు. గంగులప్ప దాన్ని విప్పాడు. మూడు పురుల్లో రెండు తెగిపోయి ఉన్నాయి.

షరీఫ్ వెనక్కి జరిగాడు. గట్టుకు దూరంగా నేల మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు బాబా.

"మొన్న తెగింది తాతా."

"షరీఫ్‌కు చెప్పలేదా?"

గంగులప్ప ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసే మాట్లాడాడు.

"గిలక బీటిచ్చిందని నేను చెప్పినా గదా తాతా. గిలక మార్పిచ్చినాడు గానీ, కండ్లు యాడ పెట్టుకున్నావని అందరి ముందరా నన్నే తిట్టినాడు. రెండు దినాలు పనిలోకి రానీలేదు. ఇంగెవరు చెప్తారు?"

"మరి ఈ మోకు మీద నువ్వెలా దిగుదామనుకున్నావు?"

"నేను బక్కోణ్ణి గదా. ఈ పొద్దుకు ఓర్చుకుంటాదిలే అనుకున్యాం."

ఎవరూ నవ్వలేదు. షరీఫ్ వాళ్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టుకున్నాడు. నలుగురూ ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టాడు. నలుగురే. అప్పుడు లేచి ఓబులేసు దగ్గరికెళ్లాడు.

"గిలక సంగతి చెప్పి ఆ రోజు మంచి పని చేశావు ఓబులేసూ. ఆ మాట అప్పుడే అనాల్సింది నేను."

ఓబులేసు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

బాబా ఉచ్చులోంచి కాలు తీసి, వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు.

మర్నాడు కొత్త మోకు వచ్చింది. షరీఫ్ నియమాలు చదవలేదు. దీపం దించి, అది ఆరకుండా వెలగడం చూశాక తనే ఉచ్చులో కాలు పెట్టాడు.

"గంగులప్పన్నా, చూడు. నువ్వు సరేనంటేనే దిగుతా."

గంగులప్ప మోకును మొదటినుంచి చివరిదాకా వేళ్లతో తడిమాడు. గిలక తిప్పి చూశాడు. తర్వాత షరీఫ్‌ను కిందనుంచి పైదాకా చూశాడు.

"మోకు బాగుండాది. ఆ చెప్పులిడువు సాయిబూ, జారతావు."

అందరూ పగలబడి నవ్వారు. షరీఫ్ కూడా నవ్వుతూ చెప్పులు విడిచాడు. గిలక కిర్రుమంది.

మధ్యాహ్నం ఎవరో చెట్టు వైపు చూసి, మాట్లాడొద్దని మిగతావాళ్లకు సైగ చేశారు.

బాబా తస్బీ పక్కన పెట్టి, చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు.

షరీఫ్ ఇంకా బావిలోనే ఉన్నాడు.