గుమ్మడిపాదుకు బ్రహ్మచర్యం

"చెన్నకేశవులూ! ఒరే చెన్నకేశవులూ! ఇంగో రెండు రాలినాయి, వచ్చి చూసుకో!"

వంటశాల వెనకనుంచి నరసవ్వ వేసిన కేకకు చెన్నకేశవులు జపమాల చేతిలో పట్టుకునే పెరట్లోకి పరుగెత్తాడు. ఆమె అరచేతిలో బొటనవేలంత గుమ్మడి పిందెలు రెండు, పసుపుబారి, మెత్తబడి ఉన్నాయి.

"వచ్చే నెల పున్నమికి నువ్వు కాషాయం కడతావు. ఊరంతా సంతర్పణకు వస్తాది. గుమ్మడికాయ పులుసు చెయ్యమని స్వామి సెలవిచ్చినారు. దేంతో చేసేది? నీ జపమాలతోనా?" అంది ముసలామె.

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి చెన్నకేశవులు వచ్చి రెండేళ్లయింది. వెన్నెల్లో ఏటి ఇసుక చూస్తే అతనికి కళ్లు చెమ్మగిల్లేవి. వానకోయిల కూస్తే అన్నం సయించేది కాదు. అలాంటివాడు నెల రోజుల కిందట ఉన్నట్టుండి నిరంజన స్వామి కాళ్లమీద పడి, "నాకు సన్న్యాసం ఇప్పించండి, ఆలస్యం చేయకండి" అని పట్టుబట్టాడు. అంత తొందర ఎందుకో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు అతనొక్కడే.

ఆ తొందరకు ముందురోజు జరిగింది ఇది. పక్క తోట రైతు కూతురు అలివేలు ఆశ్రమం పాదులకు కలుపు తీయడానికి వచ్చింది. గుమ్మడిపూల ముందు నిలబడి కలలు కంటున్న ఇతన్ని చూసి కొడవలి పక్కనపెట్టింది.

"ఏం సామీ, అట్ల చూస్తాండావు? అది మగపువ్వు. దీని కింద బుడిపె ఉంది చూడు, ఇది ఆడపువ్వు. తేనెటీగ దాని పుప్పొడి తెచ్చి దీనికి అంటిస్తేనే కాయ. లేకుంటే ఎన్ని కుండలు నీళ్లు పోసినా పిందె రాలిపోతాది. మీ ఆశ్రమంలో పెళ్లిళ్ల పేరయ్య ఎవరన్నా ఉన్నారంటే ఈ ఈగే!" అని పకపకా నవ్వింది.

నవ్వినప్పుడు ఆమె ముక్కుకొన మీద పుప్పొడి మెరిసింది. ఆ రోజు చెన్నకేశవుల జపం నూటెనిమిదికి చేరలేదు. మొదటి పూస దగ్గరే ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే అతను అటకమీది పాత దోమతెర దించి, గుమ్మడిపాదు మొత్తం కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. అడిగినవాళ్లకు పురుగు పడకుండా అని చెప్పాడు. ఆ సాయంత్రమే సన్న్యాసం అడిగాడు.

ఇప్పుడు తెర కింద పూలు విరగబూసి ఉన్నాయి. తెరమీద తేనెటీగలు, పెళ్లింటి తలుపు తీయక గుమ్మంలోనే నిలబడిపోయిన చుట్టాల్లా, గుయ్యిమంటూ తిరుగుతున్నాయి.

చెన్నకేశవులు స్వామి దగ్గరికి వెళ్లి, ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకున్నాడు. "స్వామీ, నీళ్లకు లోటు లేదు, ఎరువుకు లోటు లేదు. పాదు పచ్చగా ఉంది. అయినా ఒక్క కాయ నిలవదు. ఎందుకంటారు?"

అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు నిరంజన స్వామికి లేదు. ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "గుమ్మడిని దోమలు కుట్టవు కదా నాయనా, ఆ తెర ఎవరికి?"

అబద్ధం గురువు ముందు నిలవలేదు, సగం నిజం బయటికి వచ్చింది. "ఈగలు వచ్చి పూలకు... పెళ్లిళ్లు చేస్తున్నాయట స్వామీ. ఆశ్రమం పాదు కదా, దానికీ కాస్త నియమం ఉండాలని..."

వెనకే వచ్చి నిలబడ్డ నరసవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. స్వామి మాత్రం గంభీరంగా తల ఊపారు. "మంచి నియమం. పాదుకు పెట్టింది శిష్యుడికి లేకపోతే ఎట్లా? అవ్వా, ఈ పూట ఇతనికి ఈగ చెయ్యి పడని పదార్థాలే వడ్డించు."

మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నాడు చెన్నకేశవులు. నరసవ్వ అన్నం పెట్టి, బీరకాయ కూర గిన్నె ఎత్తి, అనుమానం వచ్చి ఆగింది. బావి దగ్గర కూరగాయలు కడుగుతున్న అలివేలు అప్పుడే కనబడింది.

"ఏమ్మే అలివేలూ! బీరకాయకు ఈగ కావల్నా?"

"కావల్ల అవ్వా!"

గిన్నె వెనక్కి పోయింది.

"కందిపప్పుకు?"

"కందిపూలమీద ఎన్ని ఈగలు ముసురుతాయో చూళ్లేదా?"

పప్పు పోయింది. చింతపూతకూ ఈగే కావాలని చారు పోయింది. మామిడిపూతమీద ఈగలే ఈగలని ఆవకాయ జాడీ పోయింది. నువ్వులపొడి పోయింది, కొబ్బరి పచ్చడి పోయింది. ఒక్కొక్కటీ వెళ్లిపోతుంటే చెన్నకేశవులు వాటివైపు, ఏరు దాటి పోయే ఆత్మీయులవైపు చూసినట్టు చూశాడు. ఇంత చిన్న ప్రాణి ఇన్ని గిన్నెల్లో ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"మజ్జిగ పొయ్యి అవ్వా," అన్నాడు దీనంగా. "ఆవు మేసింది జొన్నచొప్పే. జొన్నకు గాలి చాలంట."

"జొన్న సరే నాయనా," అన్నారు ఎదురుగా కూర్చున్న స్వామి. "ఆవుకు దూడ ఎట్లా పుట్టింది?"

మజ్జిగ చెంబు పోయింది.

అన్నంలో ఉప్పు కలుపుకుని ముద్ద ఎత్తబోయాడు. స్వామి ఆ ముద్దవైపు జాలిగా చూశారు. "వరిపువ్వు ఈగను పిలవదు, నిజమే. తన ఇంట్లో తానే పెళ్లి చేసుకుంటుంది. అంతమాత్రాన అది బ్రహ్మచారి అవుతుందా?"

నరసవ్వ అన్నం తీసేసింది. పచ్చటి విస్తట్లో చిటికెడు ఉప్పు మిగిలింది.

"తిను నాయనా. ఉప్పు పరమ విరాగి. దానికి తల్లీ లేదు, తండ్రీ లేడు."

చెన్నకేశవులు ఉప్పు నాలుకమీద వేసుకున్నాడు. పున్నమి తర్వాత గడపబోయే బతుకంతా ఒక్కసారిగా నోట్లో కరిగినట్టయింది. బావి దగ్గర గిలక కిర్రుమంది, అలివేలు ఎందుకో నవ్వింది. అతని కళ్లలోంచి నీళ్లు జారాయి. అవి ఉప్పువల్ల వచ్చిన నీళ్లు కావని నరసవ్వకు కూడా తెలిసిపోయింది.

"స్వామీ," అన్నాడు. "నియమం కోసం కట్టలేదు తెర. ఈగ పువ్వుమీద వాలినప్పుడల్లా ఆ పిల్ల నవ్వే గుర్తొస్తుంది. చూడలేక కట్టాను. సన్న్యాసం కూడా అందుకే అడిగాను. నాకు కాషాయం వద్దు స్వామీ... నాకు అలివేలంటే ఇష్టం."

స్వామి బావివైపు చూశారు.

"నాకు వినబడింది. అక్కడిదాకా వినబడలేదు. ఈ మాట మోసుకుపోయే ఈగ లేదు నాయనా, నువ్వే నడవాలి."