వార్యా సూదీ దారం

ఏడ్చింది చాలు, ఇటు నా పక్కకి జరుగు అమ్మడూ. ఆ గజ్జెల పట్టీ నా ఒళ్ళో పెట్టు. స్టేజీ మీద పట్టీ తెగి మువ్వలు రాలిపోతే, ఇంక డాన్సే మానేస్తానంటావా? సరేలే, ఆ సంగతి పొద్దున చూద్దాం. ముందు కథ విను.

అనగనగా రష్యా దేశంలో, ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే ఓ ఊళ్ళో వార్వారా అని ఒక పిల్ల ఉండేది. ముద్దుగా వార్యా అనేవాళ్ళు. అమ్మా నాన్నా లేరు, అమ్మమ్మే పెంచింది. ఆ అమ్మమ్మ ఊళ్ళోవాళ్ళ ఉన్ని మేజోళ్ళు రఫ్ఫు చేసేది. రఫ్ఫంటే తెలుసుగా, చిరిగిన చోట అడ్డంగా నిలువుగా దారం అల్లి బట్టలో కలిపేయడం. ఆ పని వార్యాకీ నేర్పింది.

ఒకసారి ఆ ఊరికి బాలే ఆడేవాళ్ళు వచ్చారు. బాలే అంటే కాలి మునివేళ్ళ మీద నిలబడి ఆడే నాట్యం. అది చూసినప్పట్నుంచీ వార్యాకి తిండి సయించలేదు. నేర్చుకుంటే అదే నేర్చుకుంటానని కూర్చుంది.

అప్పుడు అమ్మమ్మ దాన్ని పట్నంలో బాలే బడికి తీసుకెళ్ళింది. అక్కడ పిల్లల్ని చేర్చుకునే ముందు పాదాలు చూస్తారు, సంతలో ఎద్దుకి పళ్ళు చూసినట్టు. ఈ పాదాలు మరీ సన్నం, బరువు ఆగవు, పొమ్మన్నారు. మరుసటేడు వెళ్ళింది, మళ్ళీ పొమ్మన్నారు. మూడో ఏడు వెళ్తే, చూడ్డం ఇదే ఆఖరు, ఈసారీ కాదంటే ఇంక రావద్దన్నారు.

ఆ రోజు పాదాలు చూస్తున్నది యెవ్‌దోకియా అనే పెద్ద టీచరు. ఉత్త చండశాసనురాలు. వార్యా మేజోళ్ళు విప్పుతుంటే ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుంది. బొటనవేలి దగ్గర రఫ్ఫు మీద వేలు పెట్టి రాసింది. కుట్టు చేతికి తగల్లేదు. ఎవరు కుట్టారంది. నేనే అంది వార్యా.

"ఇంత ఓపిక ఉన్న పిల్లకి పాదాల్లో బలం అదే వస్తుంది. చేర్చుకోండి," అంది టీచరు.

బాలే ఆడేవాళ్ళకి పట్టు జోళ్ళు ఉంటాయి. ఆ బడి పిల్లలు ఎవరి జోళ్ళకి వాళ్ళే రిబ్బన్లు కుట్టుకోవాలి, జారకుండా జోడు కొన దగ్గర దారం అల్లుకోవాలి. వార్యా కుట్టేది, ఆడేది, జోళ్ళు అరిగిపోతే మళ్ళీ కుట్టేది. వేళ్ళు పుండ్లు పడ్డా మానలేదు. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి, దాని ఆట చూడ్డానికి జనం మంచులో బారులు తీరేవాళ్ళు. అంత పేరొచ్చింది నా తల్లికి.

పేరుతోపాటు కాస్త గర్వం కూడా వచ్చింది. దాచడమెందుకు, వచ్చింది. జోళ్ళు కుట్టే పని పనిమనిషికి అప్పజెప్పింది.

ఆ తర్వాత ఓ రోజు పెద్ద ఆట. వార్యా మంచు రేకు వేషం వేసింది. గాలిలో తేలుతూ వచ్చి, నేలని తాకి కరిగిపోవాలి. సగంలో రిబ్బను ఊడింది. జోడు ఎగిరిపోయింది. అంతమంది ముందు వార్యా బోర్లా పడింది.

ఇంటికెళ్ళి తలుపేసుకుంది. మొదటి రోజంతా ఏడ్చింది. రెండో రోజు మంచం దిగలేదు. మూడో రోజు జోళ్ళన్నీ పొయ్యిలో పడేద్దామని మూటగట్టింది. అప్పుడు టీచరు కర్ర పోటేసుకుంటూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. తిట్టలేదు. మూటలోంచి ఒక జోడు తీసి వార్యా ఒళ్ళో పెట్టింది.

"పడ్డందుకు సిగ్గుపడకు. నీ జోడు ఇంకొకరి చేత కుట్టించినందుకు సిగ్గుపడు," అని సూది చేతికిచ్చింది.

వార్యా అక్కడే కూర్చుని కుట్టింది. మర్నాడు అదే స్టేజీ, అదే ఆట. మంచు రేకు కరిగిపోయాక కూడా జనానికి చప్పట్లు కొట్టాలని తోచలేదట. అందరి కళ్ళలోనూ నీళ్ళేనట.

ఆ తర్వాత వార్యా ఎన్ని దేశాలు తిరిగిందో. మోకాళ్ళు అరిగాక అదే బడిలో టీచరైంది. ఎవరి చేతికైనా ముందు సూది, ఆ తర్వాతే జోళ్ళు. ముసలిదై కన్నుమూశాక, నగలుంటాయని పెట్టె తెరిస్తే, అందులో రఫ్ఫు చేసిన ఒక చిన్న మేజోడూ ఒక సూదీ ఉన్నాయి. ఆవిడ పోయినా ఆ బడిలో ఆ పద్ధతి పోలేదు.

నీ పట్టీ నేను కుట్టేస్తున్నాననుకున్నావు కదూ? ఒక్క కుట్టూ వేయలేదు. మువ్వలు ఏరి గిన్నెలో పోశానంతే. అసలు మొన్న దాన్ని కుట్టింది నేనే కదమ్మా. ఈమధ్య నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. ముడి నా చేతిలోనే జారింది. నీ కాళ్ళు ఏ తప్పూ చేయలేదు.

పొద్దున నువ్వు కుట్టు, నేను పక్కన కూర్చుంటా. వంకరగా వస్తేనా? విప్పి మళ్ళీ కుడతావు. ముందు ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు, నాకు కనబడి చావదు.

కథ పోయె కంచికి,
సూది పోయె పెట్టెకి,
పాప చేరె పడకకి,
గజ్జె రేపు కాలికి.