చినుకు కట్టిన తల్లి

గొంగళ్లగుట్ట గుహలో వెలసిన చినుకులమ్మను ఏ శిల్పీ చెక్కలేదు. కొండమీద కురిసిన వాన మట్టిలోకి ఇంకి, లోపలి సున్నపురాయిని కంటికి కనబడకుండా కరిగించుకొని, గుహ కప్పు నుండి చుక్క చుక్కగా రాలుతుంది. రాలిన ప్రతి చుక్కా తాను మోసుకొచ్చిన రాతిని ఇసుమంత కింద వదిలిపోతుంది. అలా నీటిలోంచి రాయి పుట్టి, ఆ రాయే తల్లి అయింది. నేటికి నడుము వరకే వచ్చింది. ముఖం చూసే భాగ్యం ఏ తరానిదో!

పూర్వం ఇక్కడ బీరమ్మ అనే గొర్రెలకాపరి ఇల్లాలు ఉండేది. చెంబు మీద మచ్చ కనబడితే ఆమెకు ముద్ద దిగేది కాదు. తప్పిపోయిన గొర్రెపిల్లను వెదుకుతూ గుహలో దూరి, చుక్కల కింద పిడికెడంత తెల్లని మూర్తిని తొలిసారి చూసింది ఆమే. ఒళ్లు గగుర్పొడిచి అక్కడే సాగిలపడింది.

ఆ ఏడే ఆమె ఒక్కగానొక్క కూతురు లింగమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఏ మందుకూ లొంగలేదు. దిక్కుతోచక బీరమ్మ బిడ్డను అత్తకు అప్పగించి రోజూ గుట్ట ఎక్కేది. అమ్మవారి మీద మసక పేరుకున్నదనుకొని, ఇత్తడి బిందెను తోమినట్టే చింతపండుతో తోమేది. రాతి మీద సన్నగా నురుగు లేచేది. అమ్మ నవ్వుతున్నదని ఆ పిచ్చితల్లి మురిసిపోయేది. పులుపు రాతిని తినేస్తున్నదని ఆమెకేం తెలుసు! మూర్తి అరిగింది, బిడ్డకు మాత్రం జ్వరం తగ్గలేదు. దాంతో ఆమె ఇంకా గట్టిగా తోమింది.

ఒకనాటి మధ్యాహ్నం అలసి గుహ వాకిట కునుకు తీయగా అమ్మ కలలో కనబడింది.

"ఎందుకే నన్ను అరగదీస్తాండావు?"

"నీ మకిలి పోగొడితే నా బిడ్డ లేస్తాదని తల్లీ!"

"అది మకిలి కాదే, నా ఒళ్లు. చుక్క చుక్క కూడబెట్టుకుంటాండా. నా పని చినుకు చూసుకుంటాది. ఆడ నీ బిడ్డ అమ్మా అమ్మా అని కలవరిస్తాంది. పోయి దాని పక్కన కూచో, పో!"

బీరమ్మ ఉలిక్కిపడి లేచింది. లోపల చూస్తే మూర్తి చింతగింజంత మిగిలింది. తుడవబోయిన చేతిని వెనక్కు తీసుకొని గుట్ట దిగి పరుగెత్తింది. బిడ్డ తలను ఒడిలో పెట్టుకొని, గంజి పట్టిస్తూ, ఎక్కడికీ కదలలేదు. ఊరికే కూర్చోవడం ఆ చేతులకు ఎంత కష్టమో! కొన్నాళ్లకు జ్వరం విడిచింది. తల్లీబిడ్డలు గుహకు వచ్చేసరికి రాతి మీద కొత్త తెలుపు తడిగా మెరుస్తున్నది. అరిగిన చోటి నుండే అమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

అందుచేత నేటికీ ఈ క్షేత్రంలో నిమ్మకాయల దండలు వేయరు, పులిహోర ప్రసాదం పెట్టరు, అమ్మను ముట్టి అభిషేకం చేయరు. బీరమ్మ వంశీకుడైన పూజారి మెట్ల దగ్గరే ప్రతి భక్తురాలినీ "ఇంటికాడ అందరూ బాగుండారా అమ్మా?" అని అడుగుతాడు. బిడ్డకు బాగాలేదన్న తల్లిని లోపలికి రానివ్వడు. కుంకుమ చేతిలో పెట్టి వచ్చిన దారినే పంపేస్తాడు. ఆమెకు దర్శనం అయినట్టే.