పోయొస్తానన్న మాట

వెనకటికి కుంజరవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన ఏలిన రాజ్యం పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు గానీ, ఆయనకు ముప్పై రెండు బిరుదులుండేవని మాత్రం చెప్పుకుంటారు. ఎదుటివాడి మాటలో తప్పు దొరికితే చాలు, తినే అన్నం పక్కకు నెట్టి అయినా దిద్దేవాడు. ఆయన కొలువులో మాచన అనే మాటకారి ఒకడుండేవాడు.

ఆ ఊళ్ళో రాజుగారి నాయనమ్మ కట్టించిన పురిటిసత్రం ఉంది. దిక్కులేని ఆడవాళ్ళు, ఇంట్లో చోటు చాలనివాళ్ళు అక్కడికొచ్చి పురుడు పోసుకునేవారు. దాని బాగోగులకు అయిదుగురు ధర్మకర్తలు. ఆ అయిదుగురూ ఒప్పుకుంటే తప్ప సత్రంలో ఒక్క గోడ కూడా కదపరాదని ఆ పెద్దరాణి రాగిరేకు మీద చెక్కించి మరీ పోయింది. ఆ అయిదుగురిలో ఒకతె పోలమ్మ, ముసలి మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే.

రాజుగారికి తన బిరుదులన్నీ రాళ్ళ మీద చెక్కించి ఒక మండపంలో నిలబెట్టాలని బుద్ధి పుట్టింది. చోటు వెతికితే ఆ సత్రమే నచ్చింది. నలుగురు ధర్మకర్తలు తలలూపారు. పోలమ్మ ఊపలేదు సరికదా, బిడ్డలు పుట్టే చోట బిరుదులెందుకని అడిగింది. సత్రం వసారాలోనే జరుగుతున్న ఆ సభలో మాటా మాటా పెరిగి ఆమె విసురుగా లేచిపోయింది. అదే అదనుగా ఆ నలుగురూ, పోలమ్మ పదవి వదులుకుందని పత్రం రాయించి కొలువుకు పంపారు. ఆమె చోట రాజుగారి బావమరిదిని కూర్చోబెడితే ఇక అడ్డు చెప్పేవారుండరు.

ఆ పత్రం మీద రాజముద్ర పడే రోజునే మాచన ఇంట్లో పెద్ద కష్టం వచ్చిపడింది. అతని కూతురు మల్లక్క పొద్దుటినుంచీ సత్రంలోనే నొప్పులు పడుతోంది. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని పక్కనున్న ఆడవాళ్ళు భయపడుతున్నారు. అలాంటి కాన్పు చేయగలిగింది ఒక్క పోలమ్మే. ఆమె రానే వచ్చింది గానీ, నువ్విప్పుడు ధర్మకర్తవి కావు, నిన్ను లోపలికి రానివ్వద్దని ఆ నలుగురూ చెప్పారంటూ భటులు ఆమెను వాకిట్లోనే ఆపేశారు.

కొలువులో లేఖరి పత్రం విప్పి చదివాడు.

"'నాకీ పదవీ వద్దు, ఏమీ వద్దు, మీరే ఏలుకోండి, పోయొస్తాను' అని పలికి పోలమ్మ సభ విడిచినది."

"ఇంకేం, నోటితోనే వదులుకుంది" అన్నాడు రాజు.

కోపంలో జారిన మాటను పట్టుకోవద్దని మాచన వేడుకున్నాడు. రాజు మీసం దువ్వాడు.

"కోపమో తాపమో మాకనవసరం. ఏ మాటకు ఏ అర్థమో అదే తీర్పు. మనసులో ఏముందో తవ్వడం మా పని కాదు."

ముద్ర వేయడానికి పక్కన లక్క కరుగుతోంది. మాచనకు తోచిన ఉపాయం ఒక్కటే, అదీ రాజుగారి చెవిన పడితేనే పారుతుంది. లేచి చేతులు జోడించి, ఇక నేను పోతాను ప్రభూ అన్నాడు.

రాజు వినిపించుకోలేదు. వేలినుంచి ముద్ర ఉంగరం తీస్తున్నాడు.

మాచన గడపదాకా నడిచాడు. మళ్ళీ అంటే, కావాలనే అంటున్నాడని పసిగట్టి రాజు తల తీయించవచ్చు. అనకపోతే కూతురు దక్కదు. గడప మీద ఆగి, ఈసారి సభంతా వినేలా గొంతు పెంచాడు.

"పోతాను ప్రభూ. పోతున్నాను."

రాజు చేయి ఆగింది.

"పోతానేమిటయ్యా, అపశకునం మాట. పోయొస్తాను అనాలి. ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలీదా?"

మాచన బిక్కమొహం వేశాడు. "రెండూ ఒకటే కదా ప్రభూ?"

"ఒకటెలా అవుతుంది? పోతానన్నవాడు పోయినట్టే. పోయొస్తానన్నవాడు మళ్ళీ వస్తానని మాట ఇచ్చినట్టు. రాసుకోవయ్యా లేఖరీ, వీడు రేపటికి మరిచిపోతాడు."

లేఖరి రాశాడు. గంటం ఆగేదాకా చూసి మాచన అక్కడే సాష్టాంగపడ్డాడు.

"ఆ పత్రంలో చివరి మాట ఇంకొక్కసారి చదివించండి ప్రభూ. పోలమ్మ పోతాననలేదు."

లేఖరి మెల్లగా చదివాడు. బావమరిది ముఖం మాడిపోయింది. రాజు పత్రం లాక్కుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి తనే చదువుకున్నాడు.

"పదవి వద్దందిగా?" అన్నాడు రాజు చివరికి.

"వద్దన్నది ముందు మాట, వస్తానన్నది వెనక మాట. ఆ నడుమ మనసులో ఏముందో తవ్వడం మన పని కాదు కదా ప్రభూ."

రాజుగారి మీసాలు అదిరాయి. అంతా అయిపోయిందనుకుని మాచన కళ్ళు మూసుకున్నాడు. కానీ వచ్చింది నవ్వు.

"నా నోటితోనే నాకు తీర్పు చెప్పించావు గదయ్యా" అంటూ రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. ఉంగరం తిరిగి వేలికి తొడుక్కున్నాడు. భుజం మీది శాలువా తీసి మాచనకు కప్పాడు. మరి మా మండపం మాటేమిటని అడిగితే, బిరుదులు ఎన్నాళ్ళయినా ఆగుతాయి గానీ బిడ్డలు ఆగరని మాచన మనవి చేసుకున్నాడు. రాజుగారి భటుణ్ణి వెంటబెట్టుకుని పరుగు తీశాడు.

పోలమ్మ ఇంటికి వెళ్ళలేదు. సత్రం ఎదుటి అరుగు మీదే కూర్చుని ఉంది. మాచన ఆయాసపడుతూ జరిగినదంతా చెప్పాడు. ఆమె కొంగు బిగించి లేచింది.

"నిజం చెప్పనా నాయనా, నేను మానేద్దామనే లేచాను. పురిటాళ్ళున్న చోట పోతానన్న మాట నా నోటికి రాదు, అంతే. ఈ ముక్క రాజుగారి దగ్గర అనకు."

భటులు పక్కకు తప్పుకున్నారు. ఆమె లోపలికి వెళ్ళింది. మాచన అరుగు మీద శాలువా ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చున్నాడు. చాలాసేపు లోపలినుంచి మల్లక్క కేకలు తప్ప ఏమీ వినబడలేదు. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. మాచన లేచి తలుపుదాకా వెళ్ళాడు.

అప్పుడు బిడ్డ ఏడ్చింది. వెనకే కూతురు, నాన్న ఉన్నాడా అని అడగడం వినిపించింది. మాచన శాలువాలో ముఖం దాచుకుని తనూ ఏడ్చాడు.